చేపల పులుసుకి పనికిరాని ఇల్లు

పాత ఇల్లు బాగుచేయించి అద్దెకిద్దామనుకునేవాళ్ళు ఈమధ్య సలహా కోసం నా దగ్గరికి వస్తున్నారు. ఏ రంగు వేయించాలి, ఏ టైల్స్ పరిపించాలి, బాత్‌రూమ్ లోపలుండాలా బయటుండాలా అని అడుగుతారు. అందరికీ నేను ముందుగా చెప్పేది ఒకటే మాట. ఆ ఇంట్లోకి వెళ్ళి ఒకరోజు బొమ్మిడాయిల పులుసు పెట్టుకోండి, మేస్త్రీని ఆ తర్వాత పిలవండి అంటాను. కొందరు నవ్వుతారు. నీచు ముట్టనివాళ్ళయితే మొహం చిట్లిస్తారు. వాళ్ళని పనసపొట్టు కూర ఆవపెట్టి వండుకోమంటాను, దానికైనా ఇంటి గుట్టు బయటపడుతుంది. నేను వేళాకోళానికి అనడం లేదండీ బాబూ. ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి నాకు ఒక ఇల్లు, ఒక వానాకాలం, మా అత్తగారి నడుమూ ఖర్చయ్యాయి.

మా ఆయన మస్కట్‌లో టైల్స్ మేస్త్రీగా చేసేవారు. పెళ్ళయిన కొత్తలో వెళ్ళిన మనిషి, మా అమ్మాయి కాకినాడలో కాలేజీ హాస్టల్లో చేరే నాటికి కూడా అక్కడే ఉన్నారు. రెండేళ్ళకోసారి సెలవు మీద వచ్చేవారు. వచ్చిన దగ్గర్నుంచి కారుతున్న పెంకులు సర్దడం, మోటారు విప్పడం, తలుపు గొళ్ళేలు బిగించడం. అవన్నీ బాగుపడేసరికి సెలవు అయిపోయేది. రాజోలు అవతల మా ఊళ్ళో పెంకుటింట్లో నేనూ మా అత్తగారూ మిగిలేవాళ్ళం. బిగించిన గొళ్ళేన్ని చూసుకుంటూ నేను రెండేళ్ళు గడపాలి. నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. గొళ్ళెం మీద కోపం చూపిస్తే అది మళ్ళీ ఊడొచ్చేది.

అలాంటి రోజుల్లో అమలాపురంలో ఒక పాత డాబా అమ్మకానికి వచ్చింది. పక్కపక్కనే రెండు వాటాలు, రెండూ ఒకేలా ఉంటాయి. ముందు అరుగు, ఒక హాలు, ఒక గది, చీకటి వంటిల్లు, వెనకాల వసారా, పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లు. సంగతి చెబితే ఆయన ఫోన్లోనే రెండు వాటాల అద్దెలూ లెక్కేసుకున్నారు. తర్వాత అన్నారు.

"కొనేద్దామే. బాగుచేయించి అద్దెకిద్దాం. రెండు వాటాల్లోనూ మనుషులు దిగేరని నువ్వు చెప్పిన రోజున నేను టికెట్ తీస్తాను. ఇంక మళ్ళీ ఎళ్ళేది లేదు."

ఆ పూట నాకు అన్నం సయించలేదు. సంతోషానికి కూడా ఆకలి చచ్చిపోతుందని అప్పుడే తెలిసింది. అంచేత ఆ ఇల్లు నాకు ఇల్లు కాదు, మా ఆయన తిరుగు టికెట్టు. అద్దెకి మనుషులు రావాలి, ఆయన రావాలి. నాకు కావలసింది అంతే.

ఇల్లు బాగుచేయించే పెత్తనమంతా ఆయనే తీసుకున్నారు. శుక్రవారం ఆయనకి సెలవు. వీడియో కాల్ చేస్తే నేను ఫోను పట్టుకుని గది గదికీ తిరిగేదాన్ని, పక్కన మేస్త్రిగారు చేతులు కట్టుకుని నడిచేవారు. మంచి పనులూ చేయించారు, కాదనను. కొత్త రోడ్డు పోసినప్పుడల్లా వీధి లేచి ఇల్లు పల్లమైపోయింది. వానొస్తే వీధిలో నీళ్ళు హాల్లోకి వచ్చేస్తాయి. ముందు ఇసక పోయించి నేల మెరక చేయించారు. చెమ్మకి ఉప్పు పేలిపోయిన గోడలు కింద నుంచి చెక్కించి మళ్ళీ ప్లాస్టింగు చేయించారు. వాటాకో కరెంటు మీటరు పెట్టించారు. మీ ఫ్యాను ఎక్కువ తిరిగిందంటే మీ ఫ్యాను ఎక్కువ తిరిగిందని అద్దెవాళ్ళు కొట్టుకోకుండా ఉంటారు. ఇది ఎవరికైనా నేను చెప్పే సలహాయే.

అక్కడితో ఆగితే బాగుండును. ఆగలేదు.

"వంటింటికీ హాలుకీ మధ్య ఆ గోడేటే? తీయించెయ్. ఓపెన్ కిచెన్ పెట్టిద్దాం, ఇక్కడ విల్లాలన్నీ అంతే."

"ఆయ్, అలాగేనండి," అన్నారు మేస్త్రిగారు.

"వెనక వసారా దండగ. మూసేసి ఎటాచ్డ్ బాత్‌రూమ్ చేయించు."

"ఆయ్, తప్పకుండానండి."

కిటికీలకి తెరుచుకోని పెద్ద పెద్ద అద్దాలు. పైన ఫాల్స్ సీలింగ్, దాంట్లో రంగురంగుల లైట్లు. నేలకి తెల్లటి టైల్స్, మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. నాకు తెలిసి మేస్త్రిగారు 'ఆయ్' తప్ప ఇంకో మాట అనలేదు. పని పూర్తయ్యాక ఫోన్లో చూపిస్తే మా ఆయన మొహం వెలిగిపోయింది. ఆ ఓపెన్ కిచెన్ మూడుసార్లు చూపించమన్నారు. నాకూ నచ్చింది మరి. అమలాపురంలో అంత అందమైన ఇల్లు లేదనుకున్నాను. ఇల్లు అద్దెకివ్వబడును అని బోర్డు రాయించి గేటుకి కట్టాను.

వినాయక చవితి వెళ్ళగానే మొదటి జంట వచ్చింది. బ్యాంకు ఉద్యోగం ఆయనది. చెప్పులు గేటు బయటే విడిచి, ఇల్లంతా గుడిలో తిరిగినట్టు తిరిగి చూశారు. "ఆయ్, చాలా బాగుందండీ. దేవుడి గూడు కూడా పెట్టించేరు. ఇంట్లో పెద్దోళ్ళతో ఒక మాట అనుకుని కబురు చేస్తామండి." నేను వెంటనే మస్కట్‌కి ఫోన్ చేసి కుదిరిపోయినట్టేనని చెప్పేశాను. కబురు రాలేదు.

తర్వాత ఒక లెక్చరరు గారి కుటుంబం. ఆవిడ పొయ్యి గట్టు దగ్గర నిలబడి హాల్లోకి చూసింది. హాల్లోంచి పొయ్యి గట్టు వైపు చూసింది. వెనక తలుపు తీసి బాత్‌రూమ్ చూసి, మెల్లగా మూసింది. "ఎంత బాగుందోనండీ!" అంది. నేను ఫ్లాస్కులో తెచ్చిన కాఫీ ఇచ్చాను. కాఫీ కూడా బాగుందంది. మళ్ళీ కనబడలేదు.

వచ్చినవాళ్ళందరూ ఒక పని మాత్రం తప్పకుండా చేసేవాళ్ళు. గదిలోకి వెళ్ళగానే తలెత్తి పైకి చూసేవాళ్ళు. ఆడవాళ్ళయితే మరీ, ఈ మూల నుంచి ఆ మూల దాకా. ఫాల్స్ సీలింగ్ చూసి మురిసిపోతున్నారనుకుని నేను పరుగెత్తి లైట్లన్నీ వేసేదాన్ని. ఎరుపు, నీలం, పచ్చ ఒకదాని తర్వాత ఒకటి వెలిగేవి. వాళ్ళు "అబ్బో" అనేవాళ్ళు. వెళ్ళిపోయేవాళ్ళు.

చీరల షాపాయన కుటుంబం సంగతి అన్నిటికన్నా ఘోరం. ఇల్లు చూశారు, మెచ్చుకున్నారు, మా అత్తగారి ఆరోగ్యం అడిగారు. నాలుగు రోజులకి వాళ్ళ షాపు మనిషి మా ఊరొచ్చి ఆత్రేయపురం పూతరేకుల పెట్టె తెచ్చి చేతిలో పెట్టాడు. ఇల్లు ఖాయం చేసుకున్నందుకు తీపి పంపించారని నేనూ మా అత్తగారూ చెరో రెండు తిన్నాం. మర్నాడు అమలాపురం బజార్లో ఆవిడ కనబడింది. చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. "మీ వెనక వీధిలోనే దిగిపోయేమండి. మీ ఇల్లు మాత్రం చాలా బాగుందండీ, అంత శ్రమపడి చూపించేరు కదా, ఊరుకోలేక పూతరేకులు పంపించేను. అందేయా అండీ?"

ఇల్లు వద్దని చెప్పడానికి మొహమాటపడి పూతరేకులు పంపే మనుషులు ఈ భూమ్మీద ఇంకెక్కడైనా ఉంటారా! వాళ్ళు దిగిన ఇల్లు చూడకుండా ఉండలేక ఆ వీధిలోకి వెళ్ళాను. వెలిసిపోయిన పచ్చ సున్నం, మసిపట్టిన వంటింటి కిటికీ, గచ్చు నేల. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి మిగిలిన పూతరేకులు కూడా కోపంతో తినేశాను.

"పోనీలే అమ్మాయ్, నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇంకోళ్ళొస్తారు," అన్నారు మా అత్తగారు.

"మొగమాటానికి పోతే కడుపొచ్చిందంట అత్తయ్యా. ఈ ఊరోళ్ళ మర్యాదకి మీ అబ్బాయి మస్కట్‌లోనే ముసలోరైపోతారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఫలానా చోట బాలేదండీ అని చెప్తే ఏం పోయింది? వాళ్ళు చెప్పకపోతే ఇల్లే చెప్తుంది. లెండి. మనమే అద్దెకి దిగుదాం."

ఆవిడ నన్నొకసారి ఎగాదిగా చూసి, నోట్లో ఉన్న వక్కపలుకు పక్కకి తోసి, తన చాపా దిండూ సర్దుకున్నారు. మా అత్తగారిలో నాకు నచ్చేది అదే. వాదించరు, బయల్దేరతారు.

ఎడమ వాటాలో దిగాం. మొదటి పొద్దున్నే కరెంటు పోయింది. గీజరు చల్లబడింది. పెరట్లో కొబ్బరి డొక్కలు గుట్టగా పడున్నాయి గానీ, నీళ్ళు కాచుకోవడానికి పొయ్యి పెట్టుకునే వసారా ఏదీ? బాత్‌రూమైంది. మధ్యాహ్నానికి వాన. ఉతికిన బట్టలు ఎక్కడ ఆరేయాలి? అదే వసారాలో ఆరేసేవాళ్ళు పాపం, ఇదివరకు ఉన్నవాళ్ళు. తడికాళ్ళతో పెరట్లోంచి వచ్చిన మా అత్తగారు తెల్లటి టైల్స్ మీద సర్రున జారి, హాలు మధ్యలోకి వెళ్ళి కూలబడ్డారు. నేను గుండెలు బాదుకుంటూ పరుగెత్తాను. ఆవిడ అలాగే కూర్చుని, అరచేత్తో నేల రాసి, నా మొహం చూసి అన్నారు.

"నేల మట్టుకు బాగుందే అమ్మాయ్. చల్లగా ఉంది."

నాకు నవ్వాగలేదు. ఆవిడకీ ఆగలేదు. నడుం పట్టేసిందని మర్నాడు ఒప్పుకున్నారు, అదీ నేను నాలుగుసార్లు గద్దిస్తే.

తర్వాత బజారుకెళ్ళి బొమ్మిడాయిలు తెచ్చాను. ఆ చేపకి పొలుసుండదు, జిగురుంటుంది. బూడిదా ఉప్పూ వేసి గరుకు రాయి మీద తోమితే గానీ ఆ జిగురు పోదు. కొత్త సింకులో మొదలుపెడితే అది మూడు నిమిషాల్లో పూడిపోయి నీళ్ళు గట్టు మీదకి పొంగాయి. బాత్‌రూములో తోముదామంటే చేతులు రాలేదు. చివరికి కత్తిపీట పట్టుకుని వీధి గుమ్మం పక్కన కుళాయి దగ్గర కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్ళు ఆగి పలకరిస్తున్నారు. "ఏవండీ, బొమ్మిడాయిలాండీ? బాగున్నాయండీ." వాళ్ళ బాగున్నాయికి ఒక దణ్ణం.

పులుసు పొయ్యి మీద పెట్టాను. పోపులో ఎండుమిర్చి పడగానే ఘాటు హాల్లోకి వెళ్ళింది. గోడ లేదుగా. కిటికీ తీద్దామంటే అది తెరుచుకునే కిటికీ కాదు. హాల్లో చాప మీద మా అత్తగారు ఒకటే దగ్గు. పులుసు మాత్రం అద్భుతంగా కుదిరింది. ఇద్దరం దగ్గుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ కమ్మగా తిన్నాం. మర్నాడు పొద్దున్న లేస్తే బొమ్మిడాయిలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. దిండులో ఉన్నాయి, ఇస్త్రీ చీర మడతల్లో ఉన్నాయి, ఆ ఫాల్స్ సీలింగులోకి ఎక్కి కూర్చున్నాయి. మూడో రోజు దేవుడికి దీపం పెడుతుంటే అగరొత్తుల్లోంచి కూడా పులుసు వాసనే వచ్చింది.

ఆ మధ్యాహ్నం మా అత్తగారు చాప మీద వెల్లకిలా పడుకుని, చాలాసేపు పైకి చూసి అడిగారు.

"అమ్మాయ్, ఈ ఇంట్లో పసిపిల్లలుంటే ఉయ్యాల ఎక్కడ కడతారే?"

నా చేతిలో చేట ఆగిపోయింది. శ్లాబు పోసినప్పుడే హాల్లో ఒకటి, గదిలో ఒకటి ఇనప కొక్కేలు పెట్టి ఉంచారు, ఈ ప్రాంతంలో అందరూ పెట్టుకునేవే. వాటిని సీలింగు కింద కప్పేశాం. తలెత్తి మూలమూలా వెతికిన ఆడవాళ్ళు లైట్లు చూడలేదు, కొక్కెం కోసం చూశారు. నేనేమో వాళ్ళకి ఎరుపూ నీలమూ వేసి చూపించాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, నవ్వూ వస్తుంది.

మేస్త్రిగారిని పిలిపించాను.

"ఇవన్నీ మీకు ముందే తెలుసా?"

"ఆయ్, తెలుసండి."

"చెప్పలేదేం మరి?"

ఆయన భుజమ్మీద తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నారు. "అబ్బాయిగారు అంత దూరాన్నించి ముచ్చటపడి చెప్తుంటే కాదంటే ఏం బాగుంటదండి? బాధపడతారు గదండీ."

"మీ మర్యాద కాలిపోనూ! పలుగు తెచ్చేరా?"

"ఆయ్, తెచ్చేనండి." ఈ ఒక్కసారి ఆ మాట నా చెవికి ఇంపుగా వినబడింది.

రెండు వాటాలూ ఒకేసారి పగలగొట్టే ధైర్యం లేక, మా చాపలూ దిండ్లూ కుడి వాటాలోకి మార్చుకుని ఎడమ వాటాతో మొదలుపెట్టాం. ఆ గందరగోళంలోనే ఇల్లు చూస్తామంటూ ఒక కుటుంబం వచ్చింది. అతను రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తాడు. భార్య చంకలో నెలల పిల్ల. వెంట అతని తల్లి, సముద్రం ఒడ్డు ఊరావిడ. బోసినోరు, చురుకైన కళ్ళు. ఆవిడ అలవాటు ప్రకారం "బాగుందండీ" అని మొదలుపెట్టబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఎలా ఉందని అడిగితే ఈ సీమలో నిజం రాదు, ఆ సంగతి తెలిసిపోయింది. అందుకని ఇంకోలా అడిగాను.

"పెద్దమ్మగారూ, ఈ ఇల్లు మీదే అనుకోండి. పలుగు మీ చేతిలో ఉంది. ముందు ఏం పగలగొడతారు?"

ఆవిడ నా మొహం చూసింది, కొడుకు మొహం చూసింది. మేస్త్రిగారి చేతిలో పలుగు చూసింది. ఇంక చూడండి!

"పగలగొట్టమంటే ఆ నీళ్ళగది కొట్టించేస్తానమ్మా, దాన్ని పెరట్లో ఓ మూలకి కట్టించండి. ఇక్కడ వసారా ఉంటే రాయేసుకుని చేపలు తోముకుంటాను. ఆ అద్దాలు తీసి రెక్కల కిటికీలు పెట్టించండి, గాలాడక చచ్చిపోతాం. పొయ్యికి చాటు లేపోతే వచ్చినోళ్ళందరూ మన గిన్నెల్లోకి తొంగి చూస్తారు. నేల మీద గరుకువి వేయించండి తల్లీ, ఈ వయసులో పడితే లేవను. ఇంకా, పిల్లకి ఉయ్యాల..."

"కొక్కెం ఉందండీ పైన!" అని నేను అరిచినంత పనిచేశాను. అందరం నవ్వాం, పిల్ల బెదిరి ఏడుపందుకుంది.

పెద్దమ్మగారు చెప్పినవన్నీ చేయించాను. ఇవాళ నన్నడిగేవాళ్ళకి చెప్పే సలహాల్లో సగం ఆవిడవే. కార్తీక మాసంలో పాలు పొంగించుకుని దిగారు. సీలింగులో కోసిన చోట నుంచి కొక్కెం బయటికొచ్చింది, దానికి పాత చీర ఉయ్యాల ఊగింది. వెనక వసారాలో పెద్దమ్మగారు రాయి ముందు కూర్చుని చేపలు తోముతుంటే మా అత్తగారు పక్కన పీటేసుకుని కబుర్లు. ఆ ఇంట్లోంచి మొదటిసారి పులుసు వాసన పెరట్లోకి వెళ్ళింది, హాల్లోకి రాలేదు. నాకు ఎంత ఆనందమేసిందంటే, మా గుమ్మం ముందు నేనే ముగ్గేసుకున్నాను, పండగ కాకపోయినా.

ఇంక కుడి వాటా ఒక్కటే మిగిలింది. ఆ శుక్రవారం వీడియో కాల్‌లో అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఓపెన్ కిచెన్ తీసేశామంటే ఆయన "ఓహో, మంచిపని చేసేవే," అన్నారు. ఎప్పుడూ అనే మాటే అన్నారు. "బాగున్నారా?" అని నేనూ ఎప్పుడూ అడిగేదే అడిగాను.

"బాగానే ఉన్నానే. నాకేటి, బెమ్మాండంగా ఉన్నాను."

ఆ మాట చెవిన పడగానే నాకు బ్యాంకాయన గుర్తొచ్చాడు. లెక్చరరు భార్య గుర్తొచ్చింది. పూతరేకులు గుర్తొచ్చాయి. అదే గొంతు, అదే మర్యాద. ఈ మనిషీ ఈ సీమలో పుట్టినవాడే కదా! పెళ్ళయిన దగ్గర్నుంచి నేను బాగున్నారా అంటున్నాను, ఆయన బాగున్నానంటున్నారు.

"ఏవండీ. మీరుంటున్న గది మీదే అనుకోండి. పలుగు చేతిలో ఉంది. ముందు ఏం పగలగొడతారు?"

"అదేం ప్రశ్నే?"

"చెప్పండి."

ఆయన పక్కకి తిరిగి గోడ చూశారు.

"ఈ గోడేనే. కిటికీ పెడతాను."

"కిటికీ లేదా?"

"లేదు. ఇక్కడ పై మంచం నాది. లేచి కూర్చుంటే తల తగులుద్ది. వంట బయట వరండాలో, వంతులు." నవ్వబోయారు. "ఊరంతా ఇంతింత అద్దాల కిటికీలకి గట్లు పెట్టేను గదా, అంచేత అడిగితే అదే గుర్తొచ్చింది."

"మరి అద్దెకిచ్చే ఇంటికి ఆ ఓపెన్ కిచెన్ ఎందుకు పెట్టమన్నారు? అన్నిసార్లు ఎందుకు చూపించమన్నారు?"

ఆయన గోడ మీంచి చూపు నా వైపు తిప్పారు.

"అద్దెకని మర్చిపోయేనే. నువ్వు వంట చేస్తుంటే హాల్లో కూర్చుని చూడొచ్చని పెట్టించేను."

నాకు ఏడుపు రాదని చెప్పాను కదా. ఆ రోజు వచ్చింది. ఏడుస్తూనే కేకలేశాను, పక్క వాటాలో పిల్ల నిద్ర లేచేలాగ. "ఇన్నేళ్ళూ నాకు కూడా ఇల్లు చూడ్డానికొచ్చినోళ్ళలాగే చెప్పేరా? బాగుందండీ, బాగుందండీ అని! ఎవరికండీ మీ మర్యాద? రెండో వాటా నిండేదాకా ఆగడాలు లేవు. నిండిపోయింది. అందులో మనం దిగుతున్నాం. ఊళ్ళో పెంకుటిల్లు అక్కడి రొయ్యల చెరువులోళ్ళు ఎప్పట్నించో అద్దెకి అడుగుతున్నారు, అది వాళ్ళకిచ్చేస్తాను. టికెట్ తీయండి!"

"ఇక్కడ పనిచోట చెప్పొద్దా..."

"చెప్పండి. రేపే చెప్పండి."

"ఆయ్," అన్నారు మా ఆయన, మేస్త్రిగారిలాగే.

కుడి వాటాని నేను ముట్టుకోలేదు. ఆయన పెట్టించినవి పెట్టించినట్టే ఉంచాను. మేస్త్రిగారు వచ్చి, ఈసారి నోరు తెరిచి, "గోడ కట్టేద్దామండి, లేపోతే మీరే ఇబ్బంది పడతారండి," అన్నారు. ఆయన కాస్త మారినందుకు సంతోషించి, వద్దని పంపేశాను.

ఆయన వచ్చారు. రెండు పెట్టెలు, కాస్త బట్టతల. చెప్పులు విప్పి తను ఫోన్లో తప్ప చూడని ఇంట్లోకి నడిచి, టైల్స్ మీద కాలితో రాసి చూసి, "జాయింట్లు సరిగ్గా కలపలేదు," అన్నారు. పక్క వాటా పెద్దమ్మగారు గుమ్మం దాకా వచ్చి పలకరించింది. అత్తగారు కొడుకు చెంపలు నిమిరి, నేల జారుతుంది జాగ్రత్తరా అన్నారు.

నేను బొమ్మిడాయిలు తెప్పించాను, ఇంకేం తెప్పిస్తాను. పక్కవాళ్ళ వసారాలో తోముకొచ్చి పొయ్యి ముందు నిలబడ్డాను. ఆయన హాల్లో, సరిగ్గా ఎదురుగా, కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఒక చెయ్యి కుర్చీ చేతి మీద, ఒక చెయ్యి ఒళ్ళో. నేను ఉల్లిపాయ కోస్తుంటే చూశారు, చింతపండు పిసుకుతుంటే చూశారు. నాకు సిగ్గేసింది. ఇంత వయసొచ్చాక ఇదేం సిగ్గని చెంగుతో మొహం తుడుచుకున్నాను.

అప్పుడు పోపులో ఎండుమిర్చి పడింది. ఘాటు తిన్నగా వెళ్ళి ఆయన్ని పట్టుకుంది. దగ్గు, దగ్గు మీద దగ్గు. కళ్ళంట నీళ్ళు.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"బాగుం..." అని మొదలుపెట్టారు. నేను గరిటె ఎత్తాను.

"చచ్చిపోతున్నానే బాబూ! గోడ కట్టేద్దాం!"

ఎంత నవ్వానో! దగ్గుతూనే ఆయనా నవ్వారు. ఇన్నేళ్ళ తర్వాత మా ఆయన నాకు చెప్పిన మొదటి ఫిర్యాదు అది. పట్టుచీర తెచ్చినా నాకంత ఆనందం ఉండేది కాదు.

మర్నాడు ఆయనే పెన్సిలు తీసుకుని గోడకి గుర్తు పెట్టారు. మేస్త్రిగారిని రానివ్వలేదు, ఇటికలు తనే పేర్చారు. సగం లేచాక హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుని, కంటి ఎత్తు చూసుకుని, అక్కడ చిన్న కిటికీకి చోటు వదిలారు. తెరుచుకునే రెక్కలు పెట్టారు, ఘాటొస్తే మూసుకోవడానికి.

ఇప్పుడు ఆయన ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకి టైల్స్ వేస్తున్నారు, నేను ముందు వెళ్ళి ఏం పగలగొట్టాలో చెప్పి వస్తున్నాను. మొహం మీదే చెప్పే మనిషి అమలాపురంలో ఒకరైనా ఉండాలని మమ్మల్ని పిలుస్తున్నారు. అద్దెకిచ్చే ఇళ్ళకి ఆ చిన్న కిటికీ మాత్రం నేను ఎవరికీ చెప్పను, దానివల్ల అద్దె పైసా పెరగదు. అది మా ఇంట్లోనే ఉంది. పొద్దున్నే పోపు అయ్యాక ఆయన దాని రెక్కలు తీసి, అవతల కుర్చీ వేసుకుని కూర్చుంటారు. కూర గరిటెతో అందులోంచే అందిస్తాను, ఉప్పు ఎలా ఉందంటే ఎక్కువైందంటారు.